గుండె పంపింగ్ తక్కువ ఉన్న నాన్నని డల్లాస్ తీసుకెళ్లాలి. విమానంలో ఆక్సిజన్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

తెనాలి_శ్రావణి | ఆదివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నకి 71. నాలుగేళ్ల కిందట హార్ట్ ఎటాక్ వచ్చింది, రెండు స్టెంట్లు వేశారు. అప్పటి నుంచి పంపింగ్ తగ్గింది, మొన్నటి ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బయటికి పంపే రక్తం శాతం) 30 అన్నారు. తన పనులు తనే చేసుకుంటారు. పొద్దున్నే వీధి చివరిదాకా వెళ్లి పాల ప్యాకెట్లు తెస్తారు. మేడ ఎక్కాలంటే మాత్రం మధ్యలో ఒకసారి ఆగాలి, పడుకోవాలంటే రెండు దిండ్లు కావాలి. కరోనా టైమ్‌లో కొన్న ఆక్సీమీటర్ పెడితే కూర్చున్నప్పుడు 93 చూపిస్తోంది, ఒక్కోసారి 92.

చెల్లికి నవంబరులో డెలివరీ. అమ్మ వెళ్లక తప్పదు, ఈయన్ని వదిలి వెళ్లనంటుంది. ఈయనేమో "మనవణ్ణి ఫోన్లో చూడ్డానికి బతికానా" అని పట్టు పట్టి కూర్చున్నారు. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా చూస్తున్నాం. రెండో విమానమే 16 గంటల పైన.

ట్రావెల్ ఏజెంట్‌ని ఆక్సిజన్ గురించి అడిగితే "ఎందుకు మేడం టెన్షన్, పైనుంచి మాస్కులు పడతాయిగా" అన్నాడు. అది విన్నాక ఉన్న భయం రెండింతలైంది. అడిగితే విమానం వాళ్లు ఆక్సిజన్ ఇస్తారా? మన సిలిండర్ మనం పట్టుకెళ్లొచ్చా? అసలు ఈయనకి అవసరమా కాదా అన్నది ఎవరు తేలుస్తారు?

ఎడిసన్_రమణ | ఆదివారం రాత్రి 11:40

శ్రావణి గారూ, ముందు ఆ ఏజెంట్‌ని మార్చండి. ఆ పసుపు మాస్కులు రోగుల కోసం కాదు. క్యాబిన్‌లో ప్రెషర్ పోతే పైలట్ విమానాన్ని కిందికి దించేలోపు అందరూ పీల్చుకోవడానికి. చాలా విమానాల్లో సీటు పైన చిన్న రసాయన డబ్బా ఉంటుంది, ఒకసారి లాగితే 12 నుంచి 15 నిమిషాలు వస్తుంది, అంతే. మీ నాన్నగారికి ఆయాసం వచ్చిందని అది తెరవరు.

మా అమ్మని రెండేళ్ల కిందట విజయవాడ నుంచి న్యూజెర్సీ తెచ్చుకున్నాను, చిన్న ఆక్సిజన్ మెషీన్‌తో. వాల్వు సమస్య, దానివల్ల ఊపిరితిత్తుల్లో ప్రెషర్ ఎక్కువ. ప్రయాణం బాగానే జరిగింది, ఒక్క బ్యాటరీ చేసిన ఘనకార్యం తప్ప. అది తీరిగ్గా రాస్తాను. ముందు డాక్టర్లెవరైనా పలికితే బాగుంటుంది.

కొత్తపేట_కుర్రాడు | సోమవారం ఉదయం 7:05

మా మావయ్య బైపాస్ అయిన మూడో నెలలో కాలిఫోర్నియా వెళ్లాడు. ఆక్సిజనూ లేదు, ఏమీ లేదు. దిగిన మర్నాడే కాస్ట్‌కోలో బండి తోసుకుంటూ తిరిగాడు. మీరు డాక్టర్ని అడిగితే ఆయన భయపెడతాడు, విమానం వాళ్లని అడిగితే ఎక్కించుకోరు. ఎవరికీ చెప్పకుండా వీల్‌చెయిర్ ఒకటి పెట్టించి ఎక్కించేయండి అక్కా.

శంషాబాద్_రిటైర్డ్ | సోమవారం ఉదయం 8:30

తమ్ముడూ, చెప్పకుండా ఎక్కించిన వాళ్లని కౌంటర్లో నిలబడి 26 ఏళ్లు చూశాను. రాత్రి రెండు గంటలకి చెకిన్ దగ్గర పెద్దాయన ఆయాసపడుతుంటాడు, పెదాలు నల్లబడి ఉంటాయి. స్టాఫ్ డాక్టర్ని పిలుస్తారు, డాక్టర్ వద్దంటాడు. లగేజీ దింపాలి, కుటుంబం ఏడుపు. అంతకంటే పది రోజుల ముందు ఒక ఫారం నింపడం తేలిక కదా?

దాని పేరు మెడిఫ్. ప్రతి పెద్ద విమాన సంస్థ వెబ్‌సైట్‌లోనూ దొరుకుతుంది. ఒక భాగం ప్రయాణికుడు నింపాలి, ఇంకో భాగం వైద్యం చేస్తున్న డాక్టర్. జబ్బు ఏమిటి, ఇప్పుడు నిలకడగా ఉందా, సీటు నిటారుగా ఉంటే కూర్చోగలడా, తనంతట తాను బాత్రూమ్‌కి వెళ్లగలడా, ఆక్సిజన్ కావాలా, కావాలంటే నిమిషానికి ఎన్ని లీటర్లు, దారంతా కావాలా మధ్యమధ్యలోనా అని అడుగుతారు. సంస్థ వైద్య విభాగం చూసి అనుమతి ఇస్తుంది. మామూలుగా 48 నుంచి 72 గంటల ముందు ఇవ్వాలంటారు. మీరు ఆఖరి నిమిషం దాకా ఆగొద్దు. వాళ్లు తిరిగి ఏదో ఒకటి అడుగుతారు, మీ డాక్టర్ ఊళ్లో ఉండడు.

ఇంకో మాట. టికెట్ మీద ఒక సంస్థ పేరు, నడిపేది ఇంకో సంస్థ అయితే అనుమతి నడిపే సంస్థ దగ్గర తీసుకోవాలి. రెండు విమానాలు రెండు సంస్థలవైతే రెండు ఫారాలు. తేదీ మారితే మళ్లీ మొదటికి.

విశాఖ_గుండెడాక్టర్ | సోమవారం రాత్రి 9:15

శ్రావణి గారూ, నేను కార్డియాలజిస్ట్‌ని. మీ నాన్నగారిని చూడకుండా ఇది చెయ్యండి అని చెప్పలేను. మీ డాక్టర్ని ఏం అడగాలో చెబుతాను.

విమానంలో గాలి పలచన. ఆక్సిజన్ శాతం పైన కూడా 21 శాతమే, తగ్గేది ప్రెషర్. విమానం 38,000 అడుగుల్లో ఎగిరినా లోపల 8,000 అడుగులకి మించని ఎత్తు ఉన్నట్టు ఉంచాలన్నది నియమం. ఊటీ 7,350 అడుగులు. అంటే మీ నాన్నగారు 16 గంటలు ఊటీలోనో, ఇంకాస్త పైనో కూర్చున్నట్టు లెక్క. తిరుమల కొండ సుమారు 3,000 అడుగులే కాబట్టి "కొండకి వెళ్లొచ్చాం, ఏం కాలేదు" అన్నది ఇక్కడ పనికిరాదు. 8,000 అడుగుల దగ్గర పీల్చే గాలి కింద 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలితో సమానం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఆక్సీమీటర్ 90, 93 మధ్యకి దిగుతుంది. వాళ్లకి తెలియను కూడా తెలియదు.

మరి 93తో బయల్దేరిన వాళ్ల సంగతి? చెరువు గట్టు మీద నడవడం ఊహించుకోండి. 97 ఉన్న మనిషి గట్టు మధ్యలో ఉన్నాడు, రెండడుగులు పక్కకి వేసినా ఏం కాదు. 93 అంటే గట్టు అంచు. అక్కడి నుంచి అవే రెండడుగులు వేస్తే జారుడే. రక్తంలో ఆక్సిజన్ గ్రాఫ్ నిజంగా ఆ ఆకారంలోనే ఉంటుంది. పైన చదును, ఆ తర్వాత ఏటవాలు.

ఇప్పుడు నాకు నచ్చని సంగతి. ఈఎఫ్ 30 ఉన్నంత మాత్రాన, మందులతో నిలకడగా ఉన్న మనిషికి కూర్చున్నప్పుడు 93 ఉండాల్సిన పని లేదు. ఆయన సిగరెట్ తాగేవారా? ఊపిరితిత్తుల పరీక్ష ఎప్పుడైనా చేయించారా? కాళ్లకి నీరుందా? ఈ నెలలో బరువు పెరిగారా? ముందు వీటికి జవాబు కావాలి. ఊపిరితిత్తుల్లో నీరుంటే చేయాల్సింది దాన్ని దింపడం. ఆక్సిజన్ తగిలించి విమానం ఎక్కించడం కాదు.

ఆక్సిజన్ అవసరమో కాదో తేల్చేది హైపాక్సిక్ ఛాలెంజ్ టెస్ట్. మాస్కుతో 15 శాతం ఆక్సిజన్ గాలి 20 నిమిషాలు పీల్పిస్తారు, అంటే కుర్చీలోనే విమానం ఎక్కిస్తారన్నమాట. వేలికి ఆక్సీమీటర్ ఉంటుంది, చివర్లో ధమని నుంచి రక్తం తీసి చూస్తారు. 85 కంటే కిందికి పోతే విమానంలో ఆక్సిజన్ పెట్టమంటారు. మామూలుగా నిమిషానికి 2 లీటర్లు. అన్ని ఊళ్లలో చెయ్యరు. పెద్ద ఆసుపత్రి పల్మొనాలజీ (ఊపిరితిత్తుల) విభాగానికి ఫోన్ చేసి కనుక్కోండి.

వరంగల్_స్వప్న | సోమవారం రాత్రి 10:02

డాక్టర్ గారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మకి మూడేళ్ల కింద ఒక స్టెంట్ వేశారు. ఈఎఫ్ 58, ఆక్సీమీటర్‌లో 98. రోజూ అరగంట నడుస్తది. సిడ్నీలో అన్నయ్య దగ్గరికి పోవాలి. గుండె పేషెంట్ కదా, సేఫ్టీకి ఆక్సిజన్ పెట్టించమంటారా? డబ్బుల గురించి ఆలోచించట్లేదు.

విశాఖ_గుండెడాక్టర్ | సోమవారం రాత్రి 10:20

వద్దమ్మా. మీరు చెప్పిన అంకెలు నిజమైతే ఆమెకి ఆక్సిజన్‌తో పనిలేదు. గుండె జబ్బు అనగానే ఆక్సిజన్ అనుకోవడం సినిమాల వల్ల వచ్చిన అలవాటు. హార్ట్ ఎటాక్ అనుమానంతో వచ్చినా రక్తంలో ఆక్సిజన్ బాగానే ఉన్నవాళ్లకి పైనుంచి ఇంకా ఇస్తే లాభముందా అని స్వీడన్‌లో 6,600 మందికి పైగా రోగుల మీద చూశారు. 2017లో ఫలితాలొచ్చాయి. ప్రాణాలు నిలబడటంలో తేడా లేదు. ఎటాక్‌లోనే లేని లాభం కిటికీ సీట్లో ఏముంటుంది?

మీ అమ్మగారికి కావాల్సింది మందులు చేతి సంచిలో ఉండటం, రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వెయ్యడం, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా చూసుకోవడం. ఆక్సిజన్ గొట్టం పెడితే భయంతో లేవకుండా కూర్చుంటారు. నష్టం అక్కడ.

బందరు_మాస్టారు | మంగళవారం ఉదయం 6:10

నేనూ ఈ బడిలో విద్యార్థినే. వయసు 68, ఈఎఫ్ 35, ఛాతీలో పేస్‌మేకర్ లాంటి పెట్టె. పోయిన ఏడాది మా అబ్బాయి పట్టుబట్టి హైదరాబాద్‌లో డాక్టర్ గారు చెప్పిన ఆ పరీక్షే చేయించాడు. మాస్కు పెట్టిన పది నిమిషాలకి నిద్ర ముంచుకొచ్చింది. కళ్లు మూసుకుంటే ఆ అమ్మాయి "సార్, సార్" అని తట్టి లేపింది, ఏదో అయిపోయానని. 95 నుంచి 89కి దిగి అక్కడే ఆగింది. ఆక్సిజన్ అక్కర్లేదన్నారు. మావాడి మొహంలో నిరాశ చూడాలి, అప్పటికే మెషీన్‌కి అడ్వాన్సు కట్టాడు.

లండన్ దాకా హాయిగా వెళ్లాను. సెక్యూరిటీ దగ్గర పెట్టె కార్డు చూపిస్తే చేత్తో తడిమి పంపించారు. శ్రావణీ, పరీక్ష అయ్యేదాకా మెషీన్‌కి డబ్బులు కట్టకమ్మా.

కొత్తపేట_కుర్రాడు | మంగళవారం ఉదయం 9:44

సరే, చెప్పకుండా ఎక్కించమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఈ మెషీన్ల గొడవ ఎందుకు? చిన్న సిలిండర్ గుంటూరులో ఎక్కడైనా దొరుకుతుంది. అది సంచిలో పెట్టుకుంటే పోలేదా?

శంషాబాద్_రిటైర్డ్ | మంగళవారం ఉదయం 10:15

పోదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మొత్తం బరువు 5 కిలోలు మించని వైద్య సిలిండర్‌ని విమాన సంస్థ అనుమతిస్తేనే తీసుకెళ్లొచ్చు. చాలా సంస్థలు ఒప్పుకోవు. అమెరికా వైపు ప్రయాణికుడి సొంత సిలిండర్‌కి దారే లేదు, ఆ ఆలోచన వదిలెయ్యండి. ద్రవ ఆక్సిజన్ ఎక్కడా కుదరదు.

మిగిలేవి రెండు దారులు. ఒకటి, విమాన సంస్థే డబ్బు తీసుకుని సీటు దగ్గర సిలిండర్ పెట్టడం. కొన్ని సంస్థలు పెడతాయి, కొన్ని పెట్టవు. పెట్టినా అది తలుపు మూసినప్పటి నుంచి తలుపు తీసేదాకే. దుబాయ్‌లో నాలుగు గంటలు ఆగితే అక్కడ అది ఉండదు. రెండోది, గాలిలోంచి ఆక్సిజన్ తీసే చిన్న మెషీన్, పోర్టబుల్ కాన్సెంట్రేటర్. దానికి సిలిండర్ ఉండదు, బ్యాటరీతో నడుస్తుంది.

తెనాలి_శ్రావణి | శుక్రవారం రాత్రి 9:50

అందరికీ చాలా థాంక్స్. డాక్టర్ గారూ, మీరు అడిగినవన్నీ నిజమే. నాన్న ముప్పై ఏళ్లు సిగరెట్ తాగారు, ఎటాక్ వచ్చిన రోజు మానేశారు. మా కార్డియాలజిస్ట్‌కి మీ పోస్టు చూపించాను. ఆయన నవ్వి "ఎవరో గానీ సరిగ్గా అడిగారు" అని ఛాతీ డాక్టర్ దగ్గరికి పంపారు. ఊపిరితిత్తులు కొంత దెబ్బతిన్నాయట, సీఓపీడీ మొదటి దశ. కాళ్లకి నీరు కూడా కాస్త ఉంది. డైటార్ (నీటి మాత్ర) మోతాదు పెంచారు. వారంలో కిలోన్నర తగ్గారు, ఆక్సీమీటర్ 94 చూపిస్తోంది. దిండు ఒకటే చాలుతోంది. ప్రయాణం సంగతి ఎలా ఉన్నా ఇది బయటపడటమే మాకు గొప్ప.

పరీక్ష వచ్చే బుధవారం హైదరాబాద్‌లో.

విశాఖ_గుండెడాక్టర్ | శుక్రవారం రాత్రి 10:30

మంచి కబురు. సీఓపీడీ ఉంది కాబట్టి ఒక హెచ్చరిక. కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది, మగతగా ఉంటారు. "పాపం, ఇంకొంచెం పెంచుదాం" అని దారిలో మీరే నాబ్ తిప్పొద్దు. రక్తపరీక్షలో ఆ అంకె కూడా చూస్తారు. ఎంత పెట్టమంటే అంతే.

తెనాలి_శ్రావణి | గురువారం ఉదయం 11:25

నిన్న పరీక్ష అయింది. 94తో మొదలుపెట్టారు. పన్నెండో నిమిషంలో 86, ఆఖరికి 83. నాన్నకి ఏమీ తెలియలేదు! "ఏముంది, బాగానే ఉన్నాగా" అంటున్నారు. నేను స్క్రీన్ మీద ఆ అంకె చూస్తూ కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత ముక్కు గొట్టంతో 2 లీటర్లు పెట్టి మళ్లీ చూశారు, 91 దగ్గర నిలబడింది. కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే ఉందట. విమానం ఎక్కొచ్చు, కానీ పైన ఉన్నంతసేపూ ఆక్సిజన్ ఉండాలి అన్నారు.

మా విమాన సంస్థ ఏర్పాటు చేసే ఆక్సిజన్‌లో దుబాయ్ విరామం కలవదు కాబట్టి మెషీనే అనుకుంటున్నాం. రమణ గారూ, ఇప్పుడు మీ బ్యాటరీ కథ చెప్పండి.

ఎడిసన్_రమణ | శుక్రవారం తెల్లవారుజామున 4:50

చెబుతాను. పొడుగవుతుంది, కాఫీ పెట్టుకోండి.

ముందు మెషీన్. దుకాణంలో "ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ అద్దెకి" అంటే 5 లీటర్ల ఇంటి మెషీన్ చూపిస్తారు. చక్రాలు ఉంటాయి కాబట్టి పోర్టబుల్ అంటారు. నమ్మకండి, అది గోడ కరెంటు మీద నడిచేది. మీకు కావాల్సింది భుజాన తగిలించుకునేది, రెండు మూడు కిలోలుంటుంది. దాని మీద విమానంలో వాడటానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనలకి సరిపోతుందని ఎర్ర అక్షరాలతో స్టిక్కర్ ఉండాలి. 2016లో వచ్చిన నియమం. అంతకు ముందు అనుమతి పొందిన పాత మోడళ్లకి విడిగా పేర్ల జాబితా ఉంది, వాటికి స్టిక్కర్ లేకపోయినా ఫరవాలేదు. కౌంటర్లో వాళ్లకి మాత్రం స్టిక్కర్ చూస్తేనే మనశ్శాంతి.

రెండోది, ఈ చిన్న మెషీన్లలో చాలావాటికి సెట్టింగ్ 2 అంటే నిమిషానికి 2 లీటర్లు కాదు. మనిషి శ్వాస లోపలికి తీసుకున్నప్పుడల్లా ఒక చిన్న గుక్క వదులుతాయి, "టిస్సు" మని. మా అమ్మ నిద్రలో నోరు తెరుచుకుని గాలి పీలుస్తుంది, మెషీన్‌కి శ్వాస అందక పీక్ పీక్ మని అరిచేది. వెనక సీటాయన బాంబేమో అనుకున్నట్టున్నాడు. ఇంటి దగ్గరే మూడు రాత్రులు పెట్టి పడుకోబెట్టి, ఆక్సీమీటర్ చూసుకోండి. ఆగకుండా వదిలే రకాలు కూడా ఉన్నాయి, అవి బరువు, బ్యాటరీ తొందరగా తాగేస్తాయి. ఏది సరిపోతుందో మీ ఛాతీ డాక్టర్ చెప్పాలి.

మూడోది లెక్క. అమెరికా వెళ్లే, అమెరికా నుంచి వచ్చే విమానాల్లో సంస్థ మిమ్మల్ని ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు బ్యాటరీ తెమ్మని అడగొచ్చు. మీది 16 గంటల 20 నిమిషాలు అనుకుందాం. ఇరవై నాలుగున్నర గంటలు. సీటు కింద ప్లగ్ ఉందిగా అంటే ఒప్పుకోరు, అది ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు. పెద్ద బ్యాటరీ మీ సెట్టింగ్‌లో 8 గంటలు వస్తే మూడు పెద్దవి, ఒక చిన్నది. విడి బ్యాటరీలన్నీ చేతి సంచిలోనే, కొసలు ఒకదానికొకటి తగలకుండా వేరు వేరు కవర్లలో. చెకిన్ లగేజీలో వేస్తే తీయించేస్తారు. బ్యాటరీ మీద వాట్-అవర్ అంకె (అందులో ఎంత కరెంటు పడుతుందో చెప్పేది) చూడండి. 100 లోపు అయితే చిక్కు లేదు. 100, 160 మధ్య అయితే సంస్థ అనుమతి కావాలి, విడివి రెండే.

ఇప్పుడు ఘనకార్యం. మేం మెషీన్ అద్దెకి తీసుకున్నాం, నాలుగు బ్యాటరీలు ఇచ్చారు. అన్నిటి మీదా అయిదు గీతలు పచ్చగా వెలుగుతున్నాయి. ఫుల్ అనుకున్నాం. ఎక్కిన మూడు గంటలకి మొదటిది అయిపోయింది, ఎనిమిది రావాల్సింది. పాతది! గీతలు ఫుల్ అనే చూపిస్తాయి, లోపల సరుకు లేదు. రెండోది అయిదు గంటలు. నేను సీటు చేతి మీద పెన్నుతో లెక్కలు వేసుకుంటూ ఒక్క రెప్ప వెయ్యలేదు. అమ్మ ఆక్సీమీటర్ 92 పైన ఉన్నప్పుడు కాసేపు ఆపి, మళ్లీ పెట్టి, అలా లాక్కొచ్చాను. అది తప్పే, డాక్టర్ చెప్పింది అలా కాదు. దిగేసరికి ఆఖరి బ్యాటరీలో ఒక గీత మిగిలింది. ఆ ఒక్క పచ్చ గీతని ఇప్పటికీ కలలో చూస్తాను.

కాబట్టి ఒక్కొక్క బ్యాటరీనీ ఇంట్లో ఫుల్ చేసి, అయిపోయేదాకా నడిపి, టైమ్ రాసి దాని మీద చీటీ అంటించండి.

తెనాలి_శ్రావణి | శుక్రవారం ఉదయం 8:15

రమణ గారూ, ఇది చదివి అమ్మ మీ అమ్మగారికి దణ్ణం పెట్టింది.

శంషాబాద్_రిటైర్డ్ | శుక్రవారం ఉదయం 9:00

సీటు గురించి. మొట్టమొదటి వరుస అడక్కండి. కాళ్లు చాపుకోవచ్చని అందరూ అదే అడుగుతారు. కానీ విమానం పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు మెషీన్ ముందు సీటు కింద పెట్టాలి, మొదటి వరుసకి ముందు సీటే ఉండదు. ఎమర్జెన్సీ తలుపు వరుస ఎలాగూ ఇవ్వరు. గొట్టం దారికి అడ్డం రాకూడదని కొన్ని సంస్థలు కిటికీ సీటే ఇస్తాయి. ఆయన నీటి మాత్ర వేసుకుంటారు కాబట్టి బాత్రూమ్ దగ్గరి వరుసలో కిటికీ పక్కన ఆయన, మధ్యలో అమ్మగారు.

విమానం రకం కూడా చూడండి. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350లో లోపలి ఎత్తు సుమారు 6,000 అడుగుల దగ్గర ఉంచుతారు. పాత రకాలకంటే నయం. టికెట్ కొనేటప్పుడే విమానం పేరు కనిపిస్తుంది. ఆఖరి నిమిషంలో మార్చొచ్చు కాబట్టి ఆక్సిజన్ లెక్క మాత్రం 8,000కే వేసుకోండి.

విశాఖ_గుండెడాక్టర్ | శుక్రవారం మధ్యాహ్నం 2:40

బాత్రూమ్‌కి లేవాలని నీటి మాత్ర ఎగ్గొట్టకండి. నా దగ్గరికి అలా ఎగ్గొట్టి వచ్చినవాళ్లే ఎక్కువ. ఉప్పు తక్కువ భోజనం ముందే చెప్పి పెట్టించుకోండి, ఉచితమే. చేతి సంచిలో ఆవకాయ సీసా ఉంటే మాత్రం ఆ భోజనం దండగ.

బందరు_మాస్టారు | శుక్రవారం సాయంత్రం 5:30

డాక్టర్ గారూ, ఆ సీసా సంగతి మీకెలా తెలిసింది?

తెనాలి_శ్రావణి | మంగళవారం రాత్రి 10:40

కోఠీలో సర్జికల్ షాపులు తిరిగొచ్చాం. మొదటి రెండు షాపుల్లో రమణ గారు చెప్పినట్టే చక్రాల మెషీన్ ముందుకి తోశారు. మూడో షాపులో చిన్నది దొరికింది. నాన్న చేత్తో ఎత్తి చూసి "ఇది మా స్కూల్ సంచి అంత లేదు" అన్నారు. కానీ స్టిక్కర్ ఉండాల్సిన చోట జిగురు మరక మాత్రమే ఉంది! ఎవరో గీకేశారు. ఇంకో పీస్ తెమ్మంటే మర్నాడు తెప్పించాడు, దానికి ఎర్ర అక్షరాలు చక్కగా ఉన్నాయి. ఫోటో తీసి మెడిఫ్‌తో పాటు పంపాను. డిపాజిట్, మూడు నెలల అద్దె కట్టాం. బ్యాటరీలు అయిదు తీసుకున్నాం.

ఒక్కొక్కటీ నడిపి చూశాను. ఏడున్నర, ఏడు ముప్పావు, ఎనిమిది, ఏడు. అయిదోది మూడుంపావు. దాన్ని వెనక్కిచ్చేసి వేరేది తెచ్చా, అది ఏడు. మొత్తం ముప్పై ఏడుంపావు. దుబాయ్ దాకా నాలుగు గంటలు, ఆగినప్పుడు గోడకి పెట్టుకుంటాం, సరిపోతుంది.

కొత్తపేట_కుర్రాడు | మంగళవారం రాత్రి 11:05

అక్కా, మీరు ఇస్రోలో చేరాల్సింది.

తెనాలి_శ్రావణి | మూడు వారాల తర్వాత, శనివారం

డల్లాస్ నుంచి రాస్తున్నాను. అమ్మ ఒక్కతే తీసుకురాలేదేమోనని ఆఖర్న నేను కూడా టికెట్ కొనుక్కున్నా.

మెడిఫ్ రెండుసార్లు వెనక్కొచ్చింది. మొదటిసారి డాక్టర్ గారు లీటర్లు రాసి సెట్టింగ్ రాయలేదని, రెండోసారి సంతకం కింద రిజిస్ట్రేషన్ నంబర్ లేదని. పది రోజుల ముందు మొదలుపెట్టాం కాబట్టి బతికిపోయాం. హైదరాబాద్ కౌంటర్లో అనుమతి కాగితం, స్టిక్కర్, బ్యాటరీలు చూశారు, పది నిమిషాల్లో అయిపోయింది. దుబాయ్‌లో సెక్యూరిటీ దగ్గర మెషీన్ ఎక్స్‌రేలోకి పంపాలన్నారు. ఆ నాలుగు నిమిషాలూ నాన్న గొట్టం తీసి కుర్చీలో కూర్చున్నారు, నేల మీదే కాబట్టి 93 ఉంది.

పెద్ద విమానంలో మొదటి ఆరు గంటలు 91, 92. నాన్న తన పాత హెచ్ఎంటీ వాచీని ఇండియా టైమ్‌లోనే ఉంచి మందులన్నీ ఆ లెక్కనే వేసుకున్నారు. దిగాక డల్లాస్ టైమ్‌కి రెండు రోజుల్లో మార్చుకోమన్నారు మా డాక్టర్. అర్ధరాత్రి దాటాక నాన్న నోరు తెరిచి గుర్రు మొదలుపెట్టారు, మెషీన్ అరిచింది, వేలికి పెట్టి చూస్తే 86. లేపి కూర్చోబెట్టి "ముక్కుతో పీల్చండి నాన్నా" అంటే అయిదు నిమిషాల్లో 91కి వచ్చింది. ఆ తర్వాత అమ్మా నేనూ వంతులేసుకున్నాం. ఇంటి దగ్గర మూడు రాత్రులు చూడమంటే ఒక్క రాత్రే చూశాం, అది మా తప్పు. మెడ కింద దిండు పెట్టి గడ్డం పైకి ఉండేలా చేస్తే అరుపులు తగ్గాయి.

మూడు బ్యాటరీలు అయిపోయాయి, నాలుగోది మొదలుపెట్టిన గంటకి దిగాం. రమణ గారూ, నాలుగు పచ్చ గీతలు మిగిలాయి.

చెల్లికి మొన్న గురువారం బాబు పుట్టాడు. నాన్న వాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఆక్సీమీటర్ వాడి బొటనవేలికి పెట్టబోతే నర్సు నవ్వి తీసేసుకుంది.

ఎడిసన్_రమణ | శనివారం రాత్రి 8:20

నాలుగు గీతలా! అసూయగా ఉంది. అభినందనలు అమ్మా. తిరుగు ప్రయాణానికి ఫారం మళ్లీ కొత్తగా పెట్టాలి, మర్చిపోకండి. ఇక్కడ ఒక డాక్టర్ చేత రాయించుకోవాల్సి రావచ్చు.

తెనాలి_శ్రావణి | శనివారం రాత్రి 8:45

ఫిబ్రవరి మొదటి వారం టికెట్లు. జనవరి మధ్యలోనే మొదలుపెడతా. డల్లాస్ వైపు మెడిఫ్ నింపిన అనుభవం ఉన్న తెలుగు డాక్టర్లెవరైనా ఇక్కడ ఉంటే ఒక మాట చెప్పండి.